11631213: రెండు గుళ్ల సంవత్సరాలు పక్కపక్కన రాస్తే వచ్చిన సంఖ్య

పాలంపేట దారి (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. నిజామాబాద్ నుంచి మా చెల్లెలి కుటుంబం వచ్చింది. పొద్దున హనుమకొండలో వేయి స్తంభాల గుడి చూపించి, అక్కడి నుంచి ములుగు మీదుగా పాలంపేట వెళ్లి రామప్ప గుడి చూపించాం. ఏడో తరగతి చదివే మా పాప రెండు గుళ్లు కట్టిన సంవత్సరాలను ఒకే కాగితం మీద రాసుకుంది. వేయి స్తంభాల గుడి 1163, రామప్ప 1213. మధ్యలో చోటు వదలడం మరిచిపోయింది. తిరుగు బస్సులో ఆ కాగితం తీసి, "అమ్మా, ఒక కోటి పదహారు లక్షల ముప్పై ఒక్క వేల రెండు వందల పదమూడు!" అని గట్టిగా చదివింది.

ఇక మిగిలిన దారంతా ఆ సంఖ్యతోనే గడిచింది. ముందు విడివిడిగా చూశాం. 1163ని 2, 3, 5, 7 మొదలుకొని 31 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించింది. ఏదీ పోలేదు. 1213 కూడా అంతే. 37 వర్గం 1369, అది రెండు సంఖ్యల కన్నా పెద్దది కాబట్టి 31 దగ్గర ఆగవచ్చు. అంటే రెండూ ప్రధాన సంఖ్యలే.

తరువాత కలిపి రాసిన 11631213 అంకెలు కూడితే 18 వచ్చింది. 9తో నిశ్శేషంగా పోయింది, భాగఫలం 1292357. దాన్ని 11తో భాగిస్తే అదీ పోయింది, 117487.

పాప అడిగిన ప్రశ్న ఇది: "విడివిడిగా ఎవరికీ లొంగని సంఖ్యలు, పక్కపక్కన నిలబడగానే ఎందుకు లొంగిపోయాయి?" నాకు జవాబు తెలియలేదు. ఇంట్లో ఉన్న ఆమె పుస్తకంలోనూ దొరకలేదు. తెలిసినవారు చెప్పండి.


నర్సంపేట విద్యార్థి (ఆదివారం, రాత్రి 9:52)

అక్కా, నేను పదో తరగతి. మీరు ఆపిన చోటు నుంచి నేను మొదలుపెట్టాను. 117487 మళ్లీ 11తో పోదు. 13తో శేషం 6. 17తో పోయింది! భాగఫలం 6911.

11631213 = 3 × 3 × 11 × 17 × 6911

6911ని 47 వరకు భాగించి చూశాను, ఏదీ పోలేదు. చేయి నొప్పి పుట్టి ఆపేశాను. అది ప్రధాన సంఖ్యే అనిపిస్తోంది కానీ అనిపించడం రుజువు కాదని మా సార్ ఎప్పుడూ అంటారు. రేపు పూర్తి చేస్తాను.


పరకాల లెక్కలు (సోమవారం, ఉదయం 6:20)

అమ్మా, మీ పాప అడిగినది చాలా మంచి ప్రశ్న. ముప్పై ఏళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పాను. 'ఎలా భాగించాలి' అని అడిగిన పిల్లలు వేలల్లో ఉన్నారు, 'ఎందుకు పోయింది' అని అడిగినవారిని చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

1163 పక్కన 1213 రాయడం అంటే ఏమిటో ముందు చూద్దాం. 1163ని నాలుగు స్థానాలు ఎడమకు జరిపాం, అంటే 10000తో గుణించాం. దానికి 1213 కలిపాం.

11631213 = 1163 × 10000 + 1213

ఇప్పుడు 10000ను 9999 + 1గా విడగొట్టండి.

11631213 = 1163 × 9999 + (1163 + 1213)

కిటుకంతా ఇక్కడే ఉంది. 9999 = 9 × 11 × 101. కాబట్టి 9, 11, 101ల విషయంలో మొదటి భాగం ఎప్పుడూ నిశ్శేషంగానే పోతుంది. మిగిలేది రెండు సంవత్సరాల మొత్తం. 1163 + 1213 = 2376. ఇది 99 × 24. అందుకే 9, 11 రెండూ ఒకేసారి పోయాయి. 2376ను 101తో భాగిస్తే 53 శేషం, కాబట్టి 101 పోదు.

అంటే పాపకు చెప్పవలసిన జవాబు ఇదీ: సంఖ్యలను పక్కపక్కన రాయడం గుణకారం కాదు, అది ఒక రకమైన కూడిక. ప్రధాన సంఖ్యలను గుణిస్తే వాటి కారణాంకాలే మిగులుతాయి, కొత్తవి పుట్టవు. కూడితే మాత్రం ఏవైనా పుట్టవచ్చు. 3, 5 ప్రధాన సంఖ్యలే, కూడితే 8. ఎవరికీ లొంగని ఇద్దరిని కూడిక ఇలా మార్చేస్తుంది.

నర్సంపేట బాబూ, నీ పని బాగుంది. 47 దగ్గర ఆగవద్దు. 83 వర్గం 6889, 89 వర్గం 7921. కాబట్టి 83 వరకు చూడాలి, ఆ తరువాత అక్కరలేదు.


పాలంపేట దారి (సోమవారం, ఉదయం 8:05)

సార్, బడికి వెళ్లే ముందే పాపకు చదివి వినిపించాను. వెంటనే తిరగేసి రాసింది: రామప్ప ముందు, వేయి స్తంభాల గుడి తరువాత, 12131163. మొత్తం మారదు కదా, కాబట్టి ఇదీ 99తో పోవాలి అంది. పోయింది! 99 × 122537. పళ్లెంలో ఉప్మా చల్లారిపోయినా ఆమెకు పట్టలేదు.


పరకాల లెక్కలు (సోమవారం, ఉదయం 8:30)

శభాష్. ఇప్పుడు 17ను కూడా ఇలాగే పరీక్షించమనండి. 10000ను 17తో భాగిస్తే శేషం 4. కాబట్టి 17 విషయంలో 11631213కు బదులు 4 × 1163 + 1213 చూస్తే చాలు. అది 5865, అంటే 17 × 345. పోయింది. తిరగేస్తే 4 × 1213 + 1163 = 6015, 17తో శేషం 14. పోదు. 9కి, 11కు ఎవరు ముందున్నా ఒకటే. 17కు మాత్రం వరస ముఖ్యం.

ఇంకో సంగతి. మొత్తం సంఖ్యలోని ఎనిమిది అంకెలనూ వెనక్కి రాసినా, అంటే 31213611 రాసినా, అదీ 99తో పోతుంది. ఎందుకో పాపనే చెప్పమనండి. అంకెల మొత్తం, ఒకటి విడిచి ఒకటి కూడి తీసివేసే 11 సూత్రం, ఈ రెండూ గుర్తుంటే చాలు.


మానేరు తీరం (సోమవారం, మధ్యాహ్నం 1:15)

కరీంనగర్ నుంచి రాస్తున్నాను, ప్రోగ్రామింగ్ నా పని. చర్చ బాగుంది. కానీ ఒక హెచ్చరిక చెయ్యాలి. ఏ సంఖ్య తీసుకున్నా 99తో పోయే అవకాశం 99లో ఒకటి. మన రాష్ట్రంలో గుళ్లు, కోటలు, చెరువులు ఎన్ని? వాటి సంవత్సరాలను జతలు జతలుగా రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఇలాంటిది తప్పక తగులుతుంది. కాకతీయులు 99ను మనసులో పెట్టుకొని గుళ్లు కట్టారని రేపు ఎవరో ఒకరు ప్రచారం చేస్తారు. ఆ దారిలోకి వెళ్లకూడదు. సంఖ్యకు ఉన్న లక్షణం వేరు, మనం రాసుకున్న తీరువల్ల కనిపించేది వేరు.


పరకాల లెక్కలు (సోమవారం, సాయంత్రం 4:40)

మీ హెచ్చరికతో ఏకీభవిస్తాను. కాకతీయులు క్రీస్తుశకం వాడనే లేదు. అయితే 99లో ఒకటి అన్న లెక్కను మాత్రం సవరించాలి. ఇక్కడ రెండూ ప్రధాన సంఖ్యలు. కాబట్టి 9తో భాగించినప్పుడు ఒక్కొక్కదానికి శేషంగా 1, 2, 4, 5, 7, 8 మాత్రమే రాగలవు. మొదటిదాని శేషం ఏదైనా, రెండోదానికి ఆరింటిలో ఒక్కటే కుదరాలి. 1163 శేషం 2, 1213 శేషం 7, రెండూ కలిస్తే 9. అలాగే 11తో శేషాలు 1 నుంచి 10 వరకు, వాటిలో పదింటిలో ఒకటి కుదరాలి. 1163 శేషం 8, 1213 శేషం 3. ఆరు పదులు అరవై. అంటే ప్రధాన సంఖ్యల జతలకు ఈ అవకాశం 60లో ఒకటి. మీరు అనుకున్నదానికన్నా ఇది మరింత మామూలు విషయం. మీ వాదనకే బలం చేకూరింది.


మానేరు తీరం (సోమవారం, సాయంత్రం 5:02)

నిజమే సార్. ప్రధాన సంఖ్యలు అన్న షరతును నేను లెక్కలోకి తీసుకోలేదు. వెంటనే నాలుగంకెల ప్రధాన సంఖ్యల జతలన్నింటినీ కంప్యూటర్‌కు ఇచ్చి చూశాను, 60లో ఒకటికి చాలా దగ్గరగానే వస్తోంది.


శాసనప్రియ (సోమవారం, రాత్రి 8:25)

పరకాల సార్ కాకతీయులు క్రీస్తుశకం వాడలేదన్నారు, సరిగ్గా చెప్పారు. హనుమకొండ శాసనంలో ఉన్నది శక సంవత్సరం 1084. రామప్ప శాసనంలో 1135. శకానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని మనం చదువుకున్నాం కదా, మరి 1084కు 78 కలిపితే 1162 వస్తుందేమిటని అడగవచ్చు. శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది. జనవరి నుంచి ఉగాది వరకు ఉండే రోజులకు 79 కలపాలి. హనుమకొండ శాసనం తేదీ జనవరిలో పడుతుంది, అందుకే 1163.

కాబట్టి వేయి స్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుని కాలంవాళ్లు, రామప్ప కట్టించిన రేచర్ల రుద్రుని కాలంవాళ్లు తమ లెక్క ప్రకారం రాసుకొని ఉంటే సంఖ్య 10841135 అయ్యేది. మొత్తం 2219, 9తో శేషం 5, 11తో శేషం 8. ఏదీ పోదు. చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది, అంతే. పైగా 1084 సరిసంఖ్య, 1135 ఐదుతో పోయే సంఖ్య. పాప ప్రశ్న పుట్టడానికే ఆస్కారం ఉండేది కాదు.

ఆ కాలపు పద్ధతిలో మన సంఖ్యను రాసి చూద్దామని మాత్రం నాకు మనసయింది. శాసనాల్లోనూ పద్యాల్లోనూ సంవత్సరాలను అంకెల బదులు మాటలతో చెప్పడం ఉంది. భూతసంఖ్యలంటారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి, విధు, చంద్ర అంటే 1. కళ్లు రెండు కాబట్టి నేత్ర అంటే 2. గుణాలు మూడు, పురాలు మూడు, తర్కాలు ఆరు, ధర అంటే భూమి, అది ఒకటి. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, 'అంకానాం వామతో గతిః' అని నియమం. అంటే ముందు ఒకట్ల స్థానం చెప్పాలి. అలా కూర్చితే:

గుణ శశి నేత్ర చంద్ర పుర తర్క ధరా విధు

3, 1, 2, 1, 3, 6, 1, 1. కుడి నుంచి రాసుకుంటే ౧౧౬౩౧౨౧౩. ఇందులో చంద్రుడు మూడుసార్లు, మూడు పేర్లతో వచ్చాడు. మాట మారినా విలువ మారకపోవడమే ఈ పద్ధతిలో నాకు నచ్చే అందం. కవికి ఛందస్సు కుదరకపోతే శశి తీసి ఇందు పెట్టుకుంటాడు, లెక్కకు ఏ లోటూ రాదు.


నర్సంపేట విద్యార్థి (సోమవారం, రాత్రి 10:30)

పూర్తయింది! 6911 ప్రధాన సంఖ్యే. 83 వరకు మొత్తం 23 ప్రధాన సంఖ్యలు, ఏదీ పోలేదు. చివరిదానికి, 83కు, శేషం 22.

ఒక విచిత్రం కనిపించింది. 7తో శేషం 2, 47తో కూడా శేషం 2. 17తో 9, 29తో కూడా 9. 13తో 8, 59తో కూడా 8. ఇది ఎందుకు సార్?


పరకాల లెక్కలు (మంగళవారం, ఉదయం 6:05)

బాబూ, ఇది చూశావు కాబట్టి నీకు సగం పని తగ్గే మార్గం చెబుతాను. 6911ను వదిలి దాని ఇరుగుపొరుగును చూడు.

7తోనూ 47తోనూ శేషం 2 అంటే, 6911 − 2 = 6909 ఆ రెండింటితోనూ పోవాలి. 6909 = 3 × 7 × 7 × 47. అలాగే 6902 = 2 × 7 × 17 × 29. 6903 = 3 × 3 × 13 × 59. 6882 = 2 × 3 × 31 × 37. అంటే పొరుగు సంఖ్యలను విడగొడితే రెండేసి, మూడేసి ప్రధాన సంఖ్యలను ఒకేసారి కొట్టివేయవచ్చు. 31తో, 37తో నీకు శేషం 29 వచ్చి ఉండాలి, చూసుకో.

ఇక కుడివైపు పొరుగు మరీ ముచ్చటైనది. 6912 = 2⁸ × 3³. రెండ్లు, మూళ్లు తప్ప మరేమీ లేవు. దీనివల్ల కారణాంకాల మొత్తం ఎంత అందంగా వస్తుందో చూడు. 11631213కు మొత్తం కారణాంకాలు 3 × 2 × 2 × 2 = 24. వాటన్నింటి మొత్తం (1 + 3 + 9) × (1 + 11) × (1 + 17) × (1 + 6911), అంటే 13 × 12 × 18 × 6912. లబ్ధం 1,94,08,896. దాన్ని విడగొడితే 2¹¹ × 3⁶ × 13. అంత పెద్ద సంఖ్యలో 13ను మించిన ప్రధాన కారణాంకం లేదు.

ఆ మొత్తంలో నుంచి సంఖ్యను తీసివేస్తే 77,77,683 మిగులుతుంది. ఇది 11631213 కన్నా తక్కువ. 6 వంటి పరిపూర్ణ సంఖ్యలకు ఇది సమానం కావాలి (1 + 2 + 3 = 6). కాబట్టి మనది న్యూన సంఖ్య.


కాజీపేట జంక్షన్ (మంగళవారం, రాత్రి 11:45)

రైల్వేలో రాత్రి డ్యూటీ. బండ్ల మధ్య ఖాళీలో కాగితం, పెన్ను నా తోడు. కారణాంకాలు తెలియనట్టే నటించి, ఫెర్మా పద్ధతిలో ఈ సంఖ్యను విడగొట్టాలని కూర్చున్నాను.

పద్ధతి ఇది: బేసి సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాయగలిగితే విడగొట్టేసినట్టే, ఎందుకంటే వర్గాల భేదం అంటే మొత్తం ఇంటూ భేదం. వర్గమూలం 3410.46 దాకా వస్తుంది. కాబట్టి 3411 వర్గం నుంచి మొదలుపెట్టి, 11631213 తీసివేసి, మిగిలింది వర్గం అవుతుందేమో చూడాలి. కాకపోతే 3412, 3413... ఇలా సాగాలి. నేను 40 ప్రయత్నాల దాకా చేసి ఆగిపోయాను. తరువాత కారణాంకాలు చూసుకొని లెక్క కట్టాను. 1683 × 6911 = 11631213. రెండింటి సగటు 4297, భేదంలో సగం 2614.

4297² − 2614² = 11631213

3411 నుంచి 4297 చేరాలంటే 887 ప్రయత్నాలు! మామూలు భాగహారంలో 3, 11, 17 అయిదు నిమిషాల్లో దొరికాయి. ఫెర్మా పద్ధతి రెండు కారణాంకాలూ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే పని చేస్తుంది. ఇక్కడ 1683 తరువాతి కారణాంకం ఏకంగా 6911. మధ్యలో ఏమీ లేదు. ఆ ఎడమే 887 ప్రయత్నాలకు కారణం.

మొత్తం 24 కారణాంకాలు 12 జతలు, కాబట్టి వర్గాల భేదంగా రాసే పద్ధతులు కూడా సరిగ్గా 12. వాటిలో అన్నిటికన్నా పెద్దది 5815607² − 5815606².

భేదం సరే, మొత్తం సంగతి ఏమిటి? రెండు వర్గాల మొత్తంగా ఈ సంఖ్యను రాయడం అసాధ్యం. కారణం 11. రెండు వర్గాల మొత్తం 11తో పోవాలంటే ఆ రెండు సంఖ్యలూ విడివిడిగా 11తో పోవాలి, అప్పుడు మొత్తం 121తో పోవాలి. మనది 121తో పోదు. నాలుగుతో భాగిస్తే 3 శేషం వచ్చే ప్రధాన సంఖ్యలన్నీ ఇలాంటి పట్టుదల గలవే. 6911 కూడా ఆ జాతిదే.

మూడు వర్గాలైతే సాధ్యం. బేసి సంఖ్యను 8తో భాగిస్తే శేషం 7 వచ్చినప్పుడే అడ్డు. మనదానికి శేషం 5, అడ్డు లేదు. నిన్న రాత్రి ఒక గూడ్సు బండి సిగ్నల్ కోసం ఆగి ఉండగా దొరికింది:

3408² + 93² + 90² = 11631213

కూడి చూసుకోండి. 1,16,14,464 + 8,649 + 8,100.


జగిత్యాల పద్యం (బుధవారం, ఉదయం 10:15)

శాసనప్రియ గారు భూతసంఖ్యలు గుర్తుచేయగానే నాకు పావులూరి మల్లన గుర్తుకొచ్చాడు. పదకొండో శతాబ్దంలో మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. చదరంగం పలకలో మొదటి గడికి 1, రెండో గడికి 2, మూడో గడికి 4, ఇలా 64 గళ్లకు రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని చెప్పే పద్యం ఆయన పేరుతో ప్రసిద్ధం. అది 'శర శశి షట్క చంద్ర శర' అని మొదలవుతుంది. 5, 1, 6, 1, 5. అలా ఇరవై అంకెలు. కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే

18446744073709551615

ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు. కంప్యూటర్ లేని కాలంలో, వెయ్యేళ్ల కిందట, తెలుగు పద్యంలో! చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దానికీ మన 11631213కూ ఉమ్మడి కారణాంకాలు ఉన్నాయా అని చూశాను. చదరంగం సంఖ్య 2⁶⁴ − 1. దాన్ని వర్గాల భేదంగా పదేపదే విడగొట్టవచ్చు: (2³² + 1)(2¹⁶ + 1)(2⁸ + 1)(2⁴ + 1)(2² + 1)(2 + 1). చివరి అయిదూ వరుసగా 65537, 257, 17, 5, 3. అన్నీ ప్రధాన సంఖ్యలే. మొదటిదైన 4294967297 కూడా ప్రధానమే అని ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ అది 641 × 6700417 అని తేల్చాడు.

మనదాంట్లో 3 రెండుసార్లు, 11, 17, 6911. పోల్చితే ఉమ్మడిగా ఉన్నవి 3, 17. కాబట్టి గరిష్ఠ సామాన్య భాజకం (గ.సా.భా.) 51. ఇరవై అంకెల మల్లన సంఖ్య, ఎనిమిది అంకెల పాప సంఖ్య, రెండూ 51 దగ్గర కలుసుకున్నాయి.


నర్సంపేట విద్యార్థి (బుధవారం, సాయంత్రం 5:30)

సార్, 18446744073709551615ను 9తో భాగిస్తే శేషం 6 వచ్చింది. అంకెల మొత్తం 87. అందుకే ఉమ్మడిగా 3 ఒక్కసారే ఉంది, 9 లేదు. సరిగ్గా చేశానా?


జగిత్యాల పద్యం (బుధవారం, సాయంత్రం 5:48)

సరిగ్గా చేశావు నాయనా. నేను అది సరిచూడకుండానే రాశాను, నువ్వు పూర్తి చేశావు.


రంగులపని (బుధవారం, రాత్రి 9:20)

నాకు లెక్కలు అంతగా రావు. హనుమకొండలో బ్యానర్లు, పెళ్లి కార్డులు డిజైన్ చేస్తాను. కంప్యూటర్‌లో ప్రతి రంగుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు. మొత్తం 1,67,77,216 రంగులు. మీ సంఖ్య అంతకన్నా తక్కువే కదా, అయితే అదీ ఒక రంగే కావాలి అనుకున్నాను.

256 × 256 = 65536. సంఖ్యను దానితో భాగిస్తే భాగఫలం 177, అది ఎరుపు. మిగిలినదాన్ని 256తో భాగిస్తే 122, అది ఆకుపచ్చ. చివరి శేషం 109, అది నీలం.

177, 122, 109 పెట్టి తెర నిండా నింపాను. చూసి అలాగే కూర్చుండిపోయాను. లేత ఎరుపు కలిసిన గోధుమ రంగు. రామప్ప గుడి ఇసుకరాయి మీద మధ్యాహ్నపు ఎండ పడినప్పుడు ఉండే రంగు! కిందటి నెల ఒక పెళ్లి కార్డు కోసం రామప్ప ఫోటో మీద పని చేశాను. ఆ ఫోటో తెరిచి పక్కన పెట్టుకున్నాను. గోడలో ఒక రాయి రంగుకు ఇది చాలా దగ్గరగా ఉంది. నల్లరాతి మదనిక శిల్పాల రంగు మాత్రం కాదు.


పాలంపేట దారి (బుధవారం, రాత్రి 9:41)

మీరు చెప్పిన మూడు అంకెలూ పాప టైప్ చేసింది. అమ్మమ్మను పిలిచి మరీ చూపించింది.


మానేరు తీరం (బుధవారం, రాత్రి 10:35)

చాలా అందమైన విషయం. దీన్ని కొట్టిపారేయాలని నాకు లేదు. కానీ ఇందులో ఎంత కారణం ఉంది, ఎంత యాదృచ్ఛికం ఉంది అని విడగొట్టి చూశాను. సంఖ్యను విడగొట్టినట్టే దీన్నీ విడగొట్టవచ్చు.

మొదటి సంవత్సరం 1100 నుంచి 1299 లోపు ఏదైనా సరే, ఎనిమిది అంకెల సంఖ్య కోటీ పది లక్షల నుంచి కోటీ ముప్పై లక్షల మధ్య ఉంటుంది. 65536తో భాగిస్తే భాగఫలం 167 నుంచి 198 వరకు మాత్రమే రాగలదు. అంటే ఆ రెండు శతాబ్దాల కట్టడం ఏది ముందు పెట్టినా ఎరుపు పాలు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. అక్కడివరకు కారణం ఉంది. ఆకుపచ్చ, నీలం మాత్రం ఏవైనా రావచ్చు. తిరగేసిన 12131163కు 185, 27, 91 వస్తాయి, అది ముదురు గులాబీ. ఏ గుడి రాయీ అలా ఉండదు. శాసనప్రియ గారి శక సంఖ్య 10841135కు 165, 108, 47. అది తేనె గోధుమ.

కాబట్టి 122, 109 కుదరడం కేవలం యాదృచ్ఛికం. 99 విషయంలో సార్ చూపించినట్టు దీని వెనుక ఒక సమీకరణం లేదు. 3² × 11 × 17 × 6911 మాత్రం ఎవరు ఎప్పుడు లెక్కపెట్టినా, తెలుగు అంకెల్లో రాసినా, కంప్యూటర్ భాషలో రాసినా మారదు. ఆ సంఖ్యలో గింజలు కుప్పపోస్తే 17 సమాన కుప్పలుగా పంచవచ్చు, ఎవరు పంచినా. రంగు మాత్రం మనం 256 అని నియమం పెట్టుకోవడం వల్ల వచ్చింది.


పరకాల లెక్కలు (గురువారం, ఉదయం 6:00)

చాలా స్పష్టంగా చెప్పారు. కుప్పల ఉదాహరణ రేపటి నుంచి నేనూ వాడుకుంటాను. ఇంటికి వచ్చే పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా తేలికైన మాట లేదు.

పాపకు ఒక పని ఇస్తున్నానమ్మా. ఆమె పుట్టిన సంవత్సరాన్ని 1163 పక్కన పెట్టమనండి. ముందుగా 11631213లాంటి పెద్ద సంఖ్యను భాగించకుండా, మొత్తం చూసి 9, 11, 101లలో ఏది పోతుందో చెప్పాలి. ఆ తరువాతే భాగహారం.


పాలంపేట దారి (గురువారం, రాత్రి 8:50)

సార్, చేసింది. ఆమె పుట్టింది 2013లో. 1163 + 2013 = 3176. అంకెల మొత్తం 17, కాబట్టి 9 పోదు. 11తో శేషం 8, 101తో శేషం 45. ఏదీ పోదని ముందే చెప్పి, తరువాత 11632013ను మూడింటితోనూ భాగించి చూసుకుంది. శేషాలు 8, 8, 45. మొత్తంలో వచ్చినవే మళ్లీ వచ్చాయి.

అంతటితో ఆగలేదు. 2013ను ముందు పెట్టి 20131163 రాసింది, మళ్లీ అవే శేషాలు. ఇప్పుడు వాళ్ల నాన్న సంవత్సరంతో మొదలుపెట్టింది. 31213611 ఎందుకు పోతుందో కూడా రాసి పెట్టింది: వెనక్కి రాసినా అంకెలు అవే కాబట్టి మొత్తం 18 మారదు, ఒకటి విడిచి ఒకటి కూడినప్పుడు రెండు వరసలకూ తొమ్మిదేసి వస్తుంది, 9లో నుంచి 9 పోతే సున్నా. కాగితం ఫోటో తీసి రేపు పెడతాను.